శుక్రవారం చెక్కు

పోయిన వారం మిమ్మల్ని మా దేవుడి గదిలో వదిలేశాను. శుక్రవారం సాయంత్రం, చెక్కుకు ఓ మూల పసుపు బొట్టు పెట్టి, లక్ష్మీదేవి పటానికి ఆనించి నేను దీపం వెలిగిస్తుంటే మా ఆయన వెనక నిలబడి చేతులు జోడించారు. దేవుడి గది గడప తొక్కని మనిషి చేతులు జోడించాడని నేను మురిసిపోయాను చూడండి, అక్కడ ఆపాను. ఆ మురిపెం సోమవారం మధ్యాహ్నానికి ఏమైందో ఇప్పుడు చెప్పుకోవాలి.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. క్లుప్తంగా చెప్పడం నాకు రాదని మా ఆయన అంటారు గానీ, ఆయన మాటలు లెక్కలోకి తీసుకోవడం ఆ సోమవారం నుంచే మానేశాను.

నా పేరు రత్నమాల. శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీలకు పోయే రోడ్డు మీద కర్రీ పాయింట్ నడుపుతున్నాను. మా ఆయన వెంకటేశ్వర్లు బొంగులూరు దగ్గర ఒక వెంచర్లో సైట్ సూపర్‌వైజర్. రేపల్లె నుంచి వచ్చి, ఇబ్రహీంపట్నంలో ఓ డాబా ఇల్లు కొనుక్కున్నాం. దాని మీద ఒక ఫైనాన్స్ కంపెనీలో లోను ఉంది. వడ్డీ పెరిగినప్పుడల్లా ఆ కంపెనీవాళ్ళు ఈఎంఐ పెంచరు, గడువు పెంచుతారు. మనకేమో నెలనెలా అంతే పోతోంది కదా అని హాయిగా ఉంటుంది. ఈ ఎండాకాలంలో కూర్చుని లెక్క చూసుకుంటే మా ఆయనకు డెబ్బై దాటాక కూడా కడుతూనే ఉండాలని తేలింది. సైట్లో ఆయన్ని అరవై దాటాక ఉంచరు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా తమ్ముడు ఫణి. వాడు బ్యాంకులకు లోన్లు తెచ్చిపెట్టే ఏజెంటు. "తక్కువ వడ్డీకి ఇంకో బ్యాంకుకు మార్చేద్దాం అక్కా. కొత్త బ్యాంకు పాత కంపెనీకి చెక్కిస్తుంది, పాతవాళ్ళు ఇంటి కాగితాలు కొత్తవాళ్ళకిస్తారు. నీ చేతినుంచి రూపాయి పడదు" అన్నాడు.

నిజమే, రూపాయి పడలేదు. వేలు పడ్డాయి. లాయరు చూడాలి, ఆయన ఫీజు కట్టండన్నారు. ఇంటి విలువ కట్టేందుకు ఒకాయన టేపు పట్టుకొచ్చి, మెట్ల కింద బాత్రూమ్‌తో సహా కొలిచి, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయనకు ఫీజు, దానికి పన్ను. ప్రాసెసింగ్ ఫీజు మాఫీ అన్నారు, తీరా చూస్తే సగమే మాఫీ. ఇన్సూరెన్సు బలవంతం లేదన్నారు, కానీ అది చేయించేదాకా ఫైలు కదల్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో తాకట్టు కాగితానికి స్టాంపు ఖర్చు వేరే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని చెప్పిన పెద్దలు లోను మార్చి చూడు అనలేదు. వాళ్ళ అదృష్టం, వాళ్ళకి ఫణిలాంటి తమ్ముడు లేడు.

కర్రీ పాయింట్‌కు పెద్ద ఫ్రిజ్ కొందామని దాచిన డబ్బు మొత్తం అందులోకే పోయింది. మిగిలిన కూరలు ఇప్పటికీ పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకుని, తెల్లారి వెళ్ళి అడుక్కుని తెచ్చుకుంటున్నాను.

ఇక శుక్రవారం సంగతి. "ఇంత కడితే మీ ఖాతా మూసేస్తాం" అని పాత కంపెనీ ఇచ్చిన లెక్క ఆ సాయంత్రం దాకానే చెల్లుతుంది. ఫణి మధ్యాహ్నమే కొత్త బ్యాంకు చెక్కు తెచ్చాడు. బండి తీస్తే పావుగంటలో కంపెనీ ఆఫీసులో ఉండొచ్చు. అప్పుడు మా ఆయన అన్నారు, శుక్రవారం పూట అంత లక్ష్మిని గడప దాటించడం మంచిది కాదేమోనని. మంచిది కాదా అంటే కాదు మరి. శుక్రవారం దీపం పెట్టాక నా గల్లాపెట్టెలోంచి పైసా బయటికి పోదు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడైనా సరే, శనివారం రావాల్సిందే. ఇన్నేళ్ళూ ఆ పట్టింపుకు నన్ను ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు తనంతట తానే ఆ మాటంటే నాకు కళ్ళు చెమర్చాయి. మా ఆయన మారాడనుకున్నాను. ఇక శనివారం ఆఫీసుకు సెలవు, ఆదివారం సరేసరి.

సోమవారం పొద్దున వంకాయ కూర, పప్పుచారు దించేసి, గరిటె పాయింట్లో పనిచేసే మా కిష్టాకు అప్పజెప్పి, నేనూ మా ఆయనా స్కూటర్ మీద వెళ్ళాం. మూడు రోజుల వడ్డీ, కొత్త లెక్క కాగితానికి ఫీజు, మహా అయితే ఐదారు వేలు ఎక్కువ పడతాయని ఫణి చెప్పాడు. ఆ డబ్బు చేతిసంచీలో పెట్టుకున్నాను. లక్ష్మిని గౌరవించినందుకు ఐదారు వేలు పెద్ద లెక్కా అని దారి పొడుగునా మా ఆయనకు చెప్తూనే ఉన్నాను. ఆయన ఊఁ కొట్టలేదు. హెల్మెట్ వల్ల వినపడలేదనుకున్నాను.

కంపెనీ ఆఫీసు సాగర్ రోడ్డు మీద ఎరువుల కొట్టు పక్కనే. ఫణి మాకంటే ముందే వచ్చి ఏసీ కింద కూర్చున్నాడు. లోన్ల సంగతి చూసేది ఎల్లేశ్. మంచాల ఊరి వైపు పిల్లాడు, వారానికి రెండుసార్లు నా దగ్గర దొండకాయ వేపుడు కట్టించుకుపోతాడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. కొత్త బ్యాంకు మంజూరు గడువు ఈ సాయంత్రంతోనే అయిపోతుంది, తొందరగా కానివ్వమని చెప్పి చెక్కు తీసి ఇచ్చాను. అతను దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"చెక్కుకు గూడ బొట్టు వెట్టినవా అక్కా?" అన్నాడు నవ్వి. "పర్వాలే, నంబర్ మీద పడలేదు. నడుస్తది."

కంప్యూటర్లో ఏదో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నవ్వు తగ్గింది. నా వైపు కాకుండా మా ఆయన వైపు చూసి అడిగాడు.

"అన్నా, రెండోదాని చెక్కేది?"

మా ఆయన హెల్మెట్ పట్టీని వేళ్ళకు చుట్టుకుంటున్నారు. ఫణి ఫోను తీసి చూడ్డం మొదలెట్టాడు. ఆ ఫోనులో ఏమీ లేదు, తెర నల్లగా ఉంది.

"రెండోదేంటి ఎల్లేశూ?" అన్నాను.

అతను ఇబ్బందిపడ్డాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నానని ముందు ఒకసారి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"గీ ఇంటి మీద ఒక్క లోను గాదక్కా, రెండున్నయ్. పోయినేడు అన్న టాపప్ తీస్కున్నడు, ఆరు లక్షలు. గీ చెక్కు పాత లోనుకే సరిపోతది. రెండూ కడ్తెనే మేం కాయితాలు ఇడుస్తం. ఒక్కటి గట్టి కాయితాలియ్యమంటే మా పెద్ద ఆఫీసోళ్ళు ఒప్పరు."

టాపప్ అంటే ఫోనుకు వేయిస్తారని తెలుసు నాకు. ఇంటికి కూడా వేయిస్తారని అప్పుడు తెలిసింది. నేను సంతకం పెట్టకుండా నా ఇంటి మీద లోనెలా ఇచ్చారని గట్టిగానే అడిగాను. పక్క బల్లల దగ్గరవాళ్ళు తలలు తిప్పారు.

"నువ్వే పెట్టినవక్కా," అన్నాడు ఎల్లేశ్. "నేనే నీ పాయింట్ కాడికి వచ్చిన. మస్తు గిరాకి ఉండె ఆ దినం. చెయ్యి తుడ్సుకుని పెట్టినవ్."

గుర్తొచ్చింది. ఏదో కాలేజీలో పండగ, పిల్లలు వరదలా వచ్చిపడ్డ రోజు. బాండీలో మిరపకాయ బజ్జీలు మాడుతున్నాయి. మా ఆయన పక్కన నిలబడి, "వడ్డీ తగ్గించమని అర్జీ పెడుతున్నాం, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అన్నారు. వడ్డీ తగ్గిస్తామంటే ఎవరు పెట్టరు చెప్పండి? బజ్జీలు తీసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చూపించిన చోటల్లా పెట్టేశాను. ఎల్లేశ్‌కు నాలుగు బజ్జీలు పొట్లం కట్టి కూడా ఇచ్చాను.

అప్పుడు శుక్రవారం కూడా అర్థమైంది. అది లక్ష్మి మీద భక్తి కాదు. ఆ సాయంత్రం చెక్కు పట్టుకుని ఇక్కడికొస్తే ఇదే కుర్చీలో ఇదే మాట బయటపడుతుంది. మూడు రోజులు దొరికితే ఎక్కడైనా ఆరు లక్షలు పుట్టించొచ్చనుకున్నారు. నాకు ఏ మాట చెప్తే నోరు మూసుకుంటానో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియదా? నా నమ్మకాన్ని తీసుకొచ్చి నా కళ్ళకే గంతలు కట్టారు. ఆ క్షణంలో ఆ హెల్మెట్ లాక్కుని ఆయన నెత్తినే కొట్టాలనిపించింది.

"ఆరు లక్షలు ఏం చేశారు?" అన్నాను.

నేను మూడుసార్లు అడిగాను. తాగరు, పేకాట ఆడరు, చీరలు కొనిపెట్టే అలవాటు ఎలాగూ లేదు. సైట్లో ఇంకో సంసారమేమైనా పెట్టారా అని కూడా అడిగేశాను, అంతమందిలో. అప్పుడు ఆయన తలెత్తి ఫణి వైపు చూశారు. ఒక్కసారే చూసి మళ్ళీ హెల్మెట్ వైపు తిరిగారు. నేనూ ఫణి వైపు తిరిగాను.

"బావని ఏమీ అనకక్కా," అన్నాడు ఫణి. "నాకే ఇచ్చాడు."

వాడు చెప్పింది నా మాటల్లో చెప్తాను, వాడి మాటల్లో అయితే మధ్యలో ఏడుపులెక్కువ. రెండేళ్ళ కిందట తుక్కుగూడ దగ్గర అపార్ట్‌మెంట్లు వస్తున్నాయని, పునాది తీయకముందే డబ్బు కడితే సగం ధరకే ఫ్లాటని ఎవరో బిల్డరు ప్రచారం చేశాడు. అప్పట్లో ఈ చుట్టుపక్కల బర్రెలు కాసుకునేవాళ్ళు కూడా గజాల లెక్కే మాట్లాడేవారు. మావాడు ఆ ఫ్లాట్లు తెలిసినవాళ్ళకు అంటగట్టి కమీషన్ తీసుకున్నాడు. బిల్డరు బోర్డు పీకేసి పోయాడు. కట్టినవాళ్ళలో శేరిగూడ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకమ్మాయి, స్తుతి అని, వాళ్ళ నాన్న పొలం అమ్మిన డబ్బు కట్టింది. వాళ్ళు పోలీస్ స్టేషన్‌కు వెళ్తామన్నారు. వెళ్తే వాడిని లోపలేసేవారు. మా ఆయన వెళ్ళి, వాళ్ళ డబ్బు వాళ్ళ చేతిలో పెట్టి, కేసు కాకుండా చూశారు.

"అక్కకు చెప్తే తట్టుకోలేదు, చెప్పొద్దన్నాడు బావ," అన్నాడు.

తట్టుకోలేకపోవడమా? నేనా? వీధిలో నిలబెట్టి కడిగేద్దును. ఆ భయానికే చెప్పి ఉండరు.

ఏం చెయ్యను చెప్పండి. మొగుణ్ణి తిడదామంటే నా తమ్ముడిని జైలుకు పోకుండా కాపాడాడు. తమ్ముణ్ణి తిడదామంటే, వాణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని మోసింది నేనే. వీడు మా ఆయన వైపు మేనల్లుడై ఉంటే మా అత్తగారి వంశాన్నంతా ఆ ఆఫీసులోనే ఏకేసేదాన్ని. నా పుట్టింటివాడు. తెరిచిన నోరు తెరిచినట్టే మూసుకోవాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది కూడా. కోపం అడ్డంపడి కిందికి దిగలేదు.

ఎల్లేశ్ మంచినీళ్ళు తెప్పించాడు. తాగి, ఇప్పుడు ఏం దారుందో చెప్పమన్నాను.

ఒక దారి, చెక్కు తీసుకుని ఇంటికి పోవడం. సాయంత్రానికి మంజూరు గడువు అయిపోతుంది. లాయరు ఫీజు, టేపువాడి ఫీజు, ఇన్సూరెన్సు, నా ఫ్రిజ్, అన్నీ నీళ్ళపాలు. చెక్కు పుట్టిన రోజు నుంచి కొత్త బ్యాంకువాళ్ళకు వడ్డీ కూడా కట్టాలి. పాత లోను పాత వడ్డీకే, మా ఆయన కర్ర పట్టుకుని నడిచేదాకా.

రెండో దారి, చెక్కు ఇచ్చేయడం. పాత లోను మూసేస్తారు. కాగితాలు మాత్రం ఆరు లక్షలు కట్టేదాకా ఇక్కడే ఉంటాయి. నెలలోగా ఇంటి కాగితాలు తెచ్చివ్వకపోతే కొత్త బ్యాంకు ఇచ్చిన డబ్బంతా ఒక్కసారే వెనక్కి కట్టమంటుంది. కట్టలేకపోతే ఇల్లు పోతుంది. ఆ ఆరు లక్షలు కూడా కొత్త బ్యాంకునే అడగొచ్చు కదా అన్నాను. అదీ ముందే అడిగి చూశారట. మేడ మీద గదికి పంచాయతీ అనుమతి లేదని టేపువాడు దాన్ని విలువలోంచి తీసేశాడు, అంతకంటే ఒక్క రూపాయి రాదని ఫణి గొణిగాడు. ఆ గదికి రేకులు కాదు, స్లాబే వెయ్యాలని పట్టుబట్టింది నేనే.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత అన్నవాళ్ళెవరో లోను మార్చినవాళ్ళే అయ్యుంటారు.

అద్దాల తలుపు అవతల ఎండలో ఫణి కారు నిలబడి ఉంది. తళతళలాడుతోంది. నిరుడు దసరాకు కొన్నాడు. రొక్కం పోసి కొన్నానక్కా అని మా అందరికీ చెప్పాడు. కమీషన్లు అలా వస్తున్నాయి కాబోలనుకుని నేనే దానికి దిష్టి తీసి, నిమ్మకాయలు తొక్కించాను. ఏడెనిమిది లక్షల కారు. ఏడాది తిరిగినా ఆరుకు తక్కువ పోదు.

"ఫణీ, కారు అమ్మేస్తున్నావు," అన్నాను.

"అక్కా, అది కాదు, నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేవి రెండేళ్ళుగా వింటున్నాను. ఇంక నోరు తెరవకు."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. బయటికి రా రత్నా, ఒక్కమాట మాట్లాడదాం అన్నారు. ఏడాదిపాటు ఇంట్లో పక్కన పడుకుని చెప్పలేని మాట, రోడ్డు మీద నిలబడి ఏం చెప్తారని అడిగాను. నా మెడలో పుస్తెలు కట్టిన రోజు నుంచి ఏ మాటైనా పూర్తిగా చెప్పారా అని అడిగాను. ఆయన రెండుసార్లు "రత్నా, ఆ కారు..." అన్నారు. కారు మీద ప్రేమ ఉంటే రేపు దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకోండి, ఇప్పుడు మాత్రం కూర్చోండి అన్నాను. కూర్చున్నారు.

నన్ను చూసి ఎల్లేశ్‌కు కూడా భయమేసినట్టుంది. చెక్కును బల్ల మీదే ఉంచి, దాని మీద చెయ్యి ఆనించి మెల్లగా చెప్పాడు.

"జర ఆలోచించక్కా. నేనిప్పుడు ముద్ర గొట్టిన్నంటే మళ్ళ వాపసియ్యరాదు. పైసల్ పక్కాగా వస్తయనుకుంటెనే చెయ్యి. లేకుంటే ఇంటికి వోయి, ఇంకో దినం రా. నేనైతే తొందర పెడ్త లేను."

ఇంకో రోజు ఎక్కడిది? సాయంత్రం అయిదైతే ఆ చెక్కు చిత్తుకాగితం. నా మనసులో లెక్క అంతా తేలిపోయింది. కారు ఆరు, ఆరుకు ఆరు. కాగితాలు వస్తాయి, వడ్డీ తగ్గుతుంది, గడువు తగ్గుతుంది. ఈ మొగవాళ్ళిద్దరూ కలిసి ఏడాదిపాటు చిక్కుపెట్టినదాన్ని నేను గంటలో విప్పేశానని లోలోపల కాస్త గర్వం కూడా వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది.

"కొట్టెయ్ ముద్ర," అన్నాను.

కొట్టాడు. నాతో ఒక చోట, మా ఆయనతో ఇంకో చోట సంతకాలు తీసుకున్నాడు. ఈసారి ప్రతి ముక్కా చదివే పెట్టాను. అందులో తప్పేమీ లేదు. వడ్డీ తేడాకు తెచ్చిన డబ్బు కూడా లెక్కపెట్టి తీసుకుని రసీదు ఇచ్చాడు. ఆ చెక్కును మిగతా చెక్కులతో కలిపి ఒక కవర్లో పెట్టి, బ్యాంకులో వేసే మనిషి జంగాను పిలిచాడు. ఇవాళ్టి చెక్కుల్లో ఇదే పెద్దది, ముందు ఇది వేసి రమ్మన్నాడు.

నేను ఫణి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మా ఆయన లోపలే ఉండిపోయారు. ఎండ మాడ్చేస్తోంది. ఎరువుల కొట్టు ముందు బస్తాలు దింపుతున్నారు, దుమ్ము, వాసన. కారు తాళాలు ఇమ్మని చెయ్యి చాపాను. వనస్థలిపురంలో పాత కార్లు కొనే సంజీవ నాకు తెలుసు, అతని పిల్లలు కాలేజీలో చదివినప్పుడు నా దగ్గరే తినేవారు. ఇప్పుడే పోదాం, ఇవాళే బేరం చేద్దాం అన్నాను.

ఫణి తాళాలు ఇచ్చేశాడు. మారు మాట్లాడకుండా నా చేతిలో పెట్టేశాడు. వాడంత సులువుగా ఏదీ ఇవ్వడు. చిన్నప్పుడు బెల్లం జీడి ముక్క కూడా ఇచ్చేవాడు కాదు. తాళాలు చేతిలో పడ్డాకే నాకు అనుమానమొచ్చింది.

"ఏంట్రా?" అన్నాను.

"లోపల చెప్దామంటే నువ్వు చెప్పనివ్వలేదు," అన్నాడు. "ఆ గొడవ తర్వాత ఏ బ్యాంకూ నాకు లోనివ్వట్లేదు అక్కా. కారు లేకపోతే ఏజెంటు పని నడవదని బావ కాళ్ళు పట్టుకున్నాను. కారు బావ పేరు మీద ఉంది. రొక్కం కాదు, లోను. అయిదేళ్ళది. అమ్మినా ఆ లోను కట్టడానికే సరిపోదు."

నేను తాళాలు పట్టుకునే ఆఫీసు వైపు తిరిగాను. అద్దాల్లోంచి మా ఆయన కనపడుతున్నారు. అక్కడే కూర్చుని నా వైపే చూస్తున్నారు. వాడు చెప్పేశాడని ఆయనకు తెలిసిపోయింది. తల దించుకున్నారు.

తలుపు తోసుకుని జంగా బయటికొచ్చాడు. చెక్కుల కవరు చొక్కా లోపల పెట్టుకుని, బండి స్టాండు తీసి, కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. మా ఇల్లు వాడి చొక్కాలో ఉంది.

"జంగా!" అని అరిచాను. బస్తాల లారీ హారన్ కొట్టింది. వాడు వెనక్కి చూడకుండా సాగర్ రోడ్డు ఎక్కాడు. నేను చెప్పులు అక్కడే వదిలేసి, కారు తలుపు తెరిచి, తాళాలు ఫణి చేతిలో కుక్కి, మెడ పట్టి లోపలికి తోశాను.

"పట్టుకో వాణ్ణి," అన్నాను.